తప్పు టిప్‌ది కాదు: తొమ్మిది అడుగుల రాడ్‌కి రెండు గైడ్లు మార్చిన కేసు

మాది గాజువాకలో మోటారు వైండింగ్ షాపు. పంపు మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు వస్తాయి. గాలం రాడ్ల పని నేను వెతుక్కున్నది కాదు. "రాగి తీగ సందు లేకుండా చుట్టేవాడివి, నైలాన్ దారం చుట్టలేవా?" అంటూ ఒక స్నేహితుడు విరిగిన గైడున్న రాడ్ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అలా మొదలైంది. అతనన్నదాంట్లో సగమే నిజం. చుట్టడం నిజంగానే తొందరగా పట్టుబడింది. ఏది విప్పాలి, దేన్ని ముట్టుకోకూడదు అన్నది తెలియడానికి మాత్రం నాలుగైదేళ్లు పట్టింది. అనవసరంగా విప్పి పాడుచేసిన రాడ్లు నా లెక్కలో రెండున్నాయి. అందుకే ఈ కేసు కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాటల దగ్గర తికమక రాకుండా ముందే చెబుతాను. నీళ్ళలోకి విసిరేది లైన్. గైడు కాళ్ళని రాడ్‌కి బిగించేది దారం. గైడులో రెండు భాగాలుంటాయి: కాళ్ళున్న లోహపు ఫ్రేము, దాని లోపల లైన్ జారే సెరామిక్ రింగు. రాడ్ చివర టోపీలా కూర్చునేది టిప్. ఇవేవీ లేని బోడి కార్బన్ గొట్టం బ్లాంక్.

రాడ్ తెచ్చింది రిటైరైన లెక్కల మాస్టారు. ఉండేది భీమిలి. గోస్తని నది సముద్రంలో కలిసే చోట, పొద్దున్నే ఆటుపోట్లు చూసుకుని పండుగప్పకీ పారాకీ లూర్, అంటే ఉత్తుత్తి ఎర, వేస్తారు. జూలై ఆఖర్లో ఒక మధ్యాహ్నం వచ్చి, రెండు ముక్కల రాడ్‌ని గుడ్డ సంచిలోంచి తీసి, "తమ్ముడూ, ఈ టిప్ మళ్ళీ పోయింది. ఈసారైనా మంచిది వెయ్యి" అన్నారు.

మళ్ళీ అంటే అది మూడోసారి. మే నెల నుంచి లైన్ తెగుతోంది. పడవలకి వేట నిషేధం ఉన్న రోజుల్లో ఒడ్డున సందడి తక్కువని ఆయన రోజూ వెళ్ళేవారట. రెండుసార్లు విసిరే ఊపులోనే తెగి, లూర్ ఒక్కటే ఎగిరిపోయింది. ఒకసారి చేప పడ్డాక తెగింది. ఒక షాపులో టిప్ మార్చారు, తగ్గలేదు. ఇంకో షాపులో మళ్ళీ టిప్ మార్చారు, అప్పుడూ తగ్గలేదు. మూడోసారి నా వంతు.

టిప్ మీద అనుమానం రావడంలో తప్పేం లేదు. లైన్ ఎక్కువగా వంగేది, రాడ్ ఏ గోడకో తగిలితే మొదట దెబ్బ తినేది అదే. కానీ ఒకే భాగాన్ని రెండుసార్లు మార్చినా జబ్బు అలాగే ఉందంటే జబ్బు అక్కడ లేదన్నమాట. లెక్కల మాస్టారికి ఇది నేను చెప్పాలా అనిపించింది కానీ, పైకి అనలేదు.

"మాస్టారూ, రాడ్ తర్వాత చూద్దాం. ముందు రీలు ఇవ్వండి" అన్నాను.

లైన్ చెప్పిన సంగతి

రీలు 4000 సైజుది. దాని మీద పీఈ 2 సైజు బ్రెయిడ్, అంటే సన్న పోగులు అల్లిన లైన్, దాదాపు పావు మిల్లీమీటరు మందం. షాపు ముందున్న కరెంటు స్తంభానికి కొస కట్టి, రోడ్డు వెంబడి వెనక్కి నడుస్తూ లైన్ విప్పాను. వేలి మధ్య పట్టుకుని నడిస్తే చాలు, కంటితో చూడనక్కర్లేదు. మొదటి నలభై, నలభై ఐదు మీటర్లు పాత టవల్ అంచులా నూగుగా తగిలింది. ఆ తర్వాత ఒక్కసారిగా కొత్తదానిలా నునుపు.

నాకు కేసులో సగం అక్కడే తేలిపోయింది. లైన్ రాళ్ళకో ఆల్చిప్పలకో రాసుకుంటే పాడయ్యేది చివరి రెండు మూడు మీటర్లే. ముడి తప్పైతే ముడి దగ్గరే తెగుతుంది. ఇక్కడ మాస్టారు విసిరే దూరం ఎంతో, సరిగ్గా అంత పొడవునా లైన్ అరిగింది. అంటే విసిరిన ప్రతిసారీ, చుట్టిన ప్రతిసారీ, లైన్ దాటే దారిలోనే ఏదో కోస్తోంది. ఆ దారిలో ఉన్నవి స్పూల్ (రీలులో లైన్ చుట్టి ఉండే భాగం) అంచు, బెయిల్ (లైన్‌ని స్పూల్ మీదికి మళ్ళించే తీగ) పక్కనుండే రోలరు, ఏడు గైడ్లు, ఒక టిప్. మొత్తం పది చోట్లు. నేరస్థుడు ఆ పదిలోనే ఉన్నాడు.

రీలుని ముందు తేల్చేశాను. స్పూల్ అంచు మీద గోరు నడిపితే ఎక్కడా ఆగలేదు. రోలరు వేలితో నెడితే తిరుగుతోంది. ఇది తిరక్కుండా బిగుసుకుంటే బ్రెయిడ్ దాని మీద గాడి చేస్తుంది, ఆ గాడి మళ్ళీ బ్రెయిడ్‌ని కోస్తుంది. ఉప్పునీళ్ళలో వాడే రీళ్ళలో ఇది మామూలే. ఈ రీలుకి ఆ బాధ లేదు.

టిప్ నిజంగానే కొత్తది, రింగు శుభ్రంగా ఉంది. కాకపోతే కాస్త పక్కకి తిరిగి ఉంది. దాని సంగతి తర్వాత.

ఇక ఏడు గైడ్లు. అందరూ చేసే పరీక్షే నేనూ చేశాను: చెవుల్లో పెట్టుకునే దూది పుల్లని రింగు లోపల గుండ్రంగా తిప్పడం. పగులుంటే దూది పోగు పట్టుకుంటుంది. ఏడింటిలోనూ ఎక్కడా పట్టలేదు. వాచీ రిపేరు వాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దంతో చూశాను. ఏమీ లేదు. బహుశా ముందు చూసినవాళ్ళు కూడా ఇక్కడిదాకా వచ్చి, ఏమీ కనబడక, టిప్ మార్చేసి ఉంటారు. వాళ్ళని తప్పు పట్టను. మూడేళ్ల క్రితమైతే నేనూ అదే చేసేవాణ్ణి.

ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. బల్ల మీద పడుకున్న రాడ్ వేరు, విసిరే ఊపులో వంగిన రాడ్ వేరు. రాడ్ వంగితే దానికి కట్టిన ఫ్రేము కాళ్ళు కూడా లాగబడతాయి, రెండు కాళ్ళ గైడుకి మరీ. రింగులో వెంట్రుకవాసి పగులుంటే, మామూలప్పుడు ఫ్రేము దాన్ని నొక్కిపెట్టి మూసి ఉంచుతుంది. వంగినప్పుడు మాత్రమే అది నోరు తెరుస్తుంది. కాబట్టి ఒక్కో ఫ్రేముని బొటనవేలితో ఒకవైపుకి మెల్లగా నొక్కి పట్టుకుని, దూది మళ్ళీ తిప్పాను. రీలు వైపు నుంచి లెక్కపెడితే మూడో గైడు దగ్గర దూది టక్కున ఆగింది. వేలు తీస్తే మళ్ళీ నునుపుగా తిరిగింది. నొక్కితే ఆగింది.

కంటికి కూడా చూపించాలి కదా. లేత రంగు రింగైతే మార్కర్ సిరా పూసి తుడిస్తే పగుల్లో నల్లగీత మిగిలిపోతుంది. ఇది నల్ల రింగు. తెల్లపొడి కావాలి. మాస్టారు చొక్కా జేబులోంచి చాక్‌పీసు ముక్క తీశారు. రిటైరై ఆరేళ్లైనా జేబులో చాక్‌పీసు ఎందుకుందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. దాన్ని గీకి, పొడిని రింగులో రుద్ది, ఫ్రేము నొక్కి వదిలి, గుడ్డతో తుడిచాను. రింగు కింది భాగంలో తెల్లగా ఒక గీత, దాని పక్కన ఆవగింజలో పావు వంతు పెచ్చు ఊడిన గుర్తు.

టిప్ నుంచి ఆ గైడు దూరం కొలిచాను: 72 సెంటీమీటర్లు.

"మాస్టారూ, చోటు మారేటప్పుడు లూర్ ఎక్కడ తగిలిస్తారు?"

ఆయన ఏమీ మాట్లాడకుండా రాడ్ తీసుకుని, లేని లూర్‌ని పట్టుకున్నట్టు వేళ్ళు పెట్టి, నేరుగా ఆ గైడు రింగు దగ్గరికే తెచ్చారు. లైన్ చివర లూర్‌కి ముందు కట్టే విడి ముక్క లీడర్. దాని పొడవుకి లూర్ సరిగ్గా అక్కడికే అందుతుంది. మూడు ముళ్ళ గాలం మొన ఆ రింగులోనే గుచ్చి, రీలు బిగించి, రాళ్ళ మీద నడిచి వెళ్తారు. అడుగుకోసారి ఉక్కు మొన సెరామిక్‌ని పొడుస్తుంది. ఈ రింగులు చాలా గట్టివి, బ్రెయిడ్ ఎంత రాపాడినా అరగవు. కానీ గట్టితనం వేరు, దెబ్బకి ఓర్చుకోవడం వేరు. పింగాణీ కప్పులాగే ఒక మూల చిన్న దెబ్బ చాలు. హ్యాండిల్ పైన లూర్ తగిలించడానికని ఒక చిన్న కొక్కెం ఉంటుంది. అది ఆయన రాడ్‌కీ ఉంది. "అదెందుకో నాకు ఇన్నాళ్ళూ తెలీదయ్యా" అన్నారు.

ఎన్ని మార్చాలి?

"పోనీ అన్నీ మార్చేస్తే? కొత్తగా, ఒకే రంగులో ఉంటాయి కదా" అన్నారు మాస్టారు. చాలామంది ఇదే అడుగుతారు. నాకూ నాలుగు డబ్బులు వస్తాయి. నేను ఒప్పుకోను. ఒక గైడు విప్పడమంటే బ్లాంక్‌కి ఒక ఆపరేషన్ చేయడమే. బ్లేడు ఒక్కసారి జారి కార్బన్ పోగుని అడ్డంగా కోస్తే, ఆ రాడ్ ఆ రోజు విరగదు. ఆరు నెలల తర్వాత, మంచి చేప పడ్డ రోజున, సరిగ్గా అక్కడే విరుగుతుంది. గైడు పోతే మూడు వందలు. బ్లాంక్ పోతే రాడ్డే పోయింది.

అందుకని మిగతావాటిని ఒక్కొక్కటీ చూశాను. పగిలిన ఆ మూడో గైడు, 12 సైజుది, ఎలాగూ మార్చాలి. దాని కిందున్న 20 సైజు గైడు రింగు బాగానే ఉంది కానీ, కాళ్ళ దగ్గర ఎపాక్సీ (దారం మీద పూసే, గట్టిపడే రెజిన్) లోపల టీ మరకలా గోధుమరంగు పాకింది. అంటే ఫ్రేము తుప్పు పట్టి, నీరు దారం కిందకి దారి చేసుకుంది. అది ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది ఊడుతుంది. దాన్నీ తీయాలి. మిగతా ఐదూ ఫ్రేము నొక్కి చూసినా శుభ్రంగా ఉన్నాయి. వాటి జోలికి వెళ్ళలేదు. టిప్ మార్చక్కర్లేదు, వేడి చేసి తిన్నగా తిప్పితే చాలు.

విప్పడం

ముందుగా ఫోన్‌తో ఫొటోలు, తర్వాత కొలతలు. ప్రతి గైడు రెండు పాదాల చివరలు ఎక్కడున్నాయో టిప్ నుంచి కొలిచి కాగితం మీద రాశాను. టిప్ నుంచి సెంటీమీటర్లలో గైడ్ల దూరాలు ఇవి: 10, 21, 34, 50, 72, 106, 150. రాడ్ తయారుచేసినవాడు ఈ దూరాలు ఊరికే పెట్టడు. ఒకటి విప్పేశాక "ఇక్కడే ఉండేదనుకుంటా" అనుకుంటే ఆ వంపు మళ్ళీ రాదు.

బ్లేడు ఎక్కడ పెట్టాలన్నదే ఈ పనిలో అసలు కిటుకు. గైడు పాదం లోహం. దాని మీద దారం, దారం మీద ఎపాక్సీ. బ్లేడుని పాదం వీపు మీదే పడుకోబెట్టి, పొడవునా, ఒంటి నుంచి బయటికి తోస్తూ పలుచటి పొరలుగా తీయాలి. పచ్చి మామిడికాయకి చెక్కు తీసినట్టు. కింద లోహం తళుక్కుమంటే ఆగిపోవాలి. పాదం దాటి పక్కకి గాని, ముందుకి గాని బ్లేడు పోకూడదు. ఆ పక్కనున్నది బ్లాంక్. నేను కొత్త షేవింగ్ బ్లేడు సగం విరిచి వాడతాను. మొండి బ్లేడు బలం అడుగుతుంది, బలం పెట్టినచోటే చెయ్యి జారుతుంది.

దానికి ముందు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో వెచ్చబెట్టాను. ముట్టుకుంటే చురుక్కుమనాలి, కానీ చెయ్యి తీసేసేంత కాలకూడదు. ఆ మాత్రం వేడికే దారం మీది ఎపాక్సీ రబ్బరులా మెత్తబడుతుంది. పెయింట్ వలిచే హీట్ గన్ తెచ్చి పెట్టేవాళ్ళని చూశాను. కార్బన్ పోగుల్ని పట్టి ఉంచేది కూడా రెజినే అని వాళ్ళు మర్చిపోతారు.

పాదం బయటపడ్డాక గైడుని మెల్లగా పైకి లేపితే వచ్చేసింది. దారం తెగిన కొసలు రెండువైపులా నిలబడ్డాయి. ఒక కొస పట్టుకుని లాగితే స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా ఊడుతుంది. కాపర్ విప్పినట్టే ఉంటుంది నాకు. మిగిలిన ఎపాక్సీ అంచుల్ని గోరుతో, పాత ఏటీఎం కార్డు అంచుతో గీకాను. లోహం ఏదీ తగలనివ్వలేదు. అసిటోన్ కూడా వాడను. అది బ్లాంక్ మీది రంగునీ లేపేస్తుంది. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను.

అప్పుడు కనబడింది 12 గైడు కింద ఇంకో సంగతి. పాత గైడు ముందు పాదం కొస ఉన్నచోట, బ్లాంక్ మీద అడ్డంగా అరంగుళంలో పావు వంతు పొడవు సన్నటి గీత. కొన్న గైడుని అరగదీయకుండా అలాగే కట్టేసినట్టున్నారు. ప్రెస్సులో కోసిన పాదానికి కొస దగ్గర పదును మిగిలి ఉంటుంది. రాడ్ వంగిన ప్రతిసారీ ఆ పదును బ్లాంక్‌ని ఒకే చోట గీకుతుంది. భూతద్దంతో చాలాసేపు చూశాను. గోరు పెడితే రంగు పొర దగ్గరే ఆగింది, పోగుల దాకా వెళ్ళలేదు. ముక్కని రెండు చేతులతో వంచి చెవి దగ్గర పెట్టుకుంటే చిటపటమన్న శబ్దం లేదు. బతికింది. ఇంకో రెండేళ్లు అలాగే వాడి ఉంటే అలా చెప్పగలిగేవాణ్ణి కాదు.

కొత్త గైడ్లు, వాటి పాదాలు

గైడు సైజంటే చాలామంది రంధ్రం అనుకుంటారు. గైడ్లు తయారుచేసే ఫ్యూజీ కంపెనీ లెక్కలో 12 అంటే సెరామిక్ రింగు బయటి వ్యాసం 12 మిల్లీమీటర్లు. వెర్నియర్‌తో బయటి నుంచి కొలవాలి. ఇంకొకటి, రింగు సైజు సరిపోతే చాలదు, ఫ్రేము ఎత్తు కూడా చూడాలి. స్పిన్నింగ్ రీలు నుంచి లైన్ పెద్ద సుడులు తిరుగుతూ వస్తుంది. 30, 20, 12 అంటూ తగ్గుతూ వచ్చే గైడ్లు గరాటులా దాన్ని పట్టి బ్లాంక్ దగ్గరికి దింపుతాయి. మధ్యలో ఒకటి పొట్టిదైతే గరాటు అక్కడ విరుగుతుంది, విసురు దూరం తగ్గుతుంది. పాత గైడు ఎత్తు కొలిచి, అదే ఎత్తు ఉన్న రెండు కాళ్ళ ఫ్రేములు తెప్పించాను. స్టెయిన్‌లెస్ ఫ్రేము, అల్కొనైట్ అనే సెరామిక్ రింగు. సిలికాన్ కార్బైడ్ ఇంకా గట్టిది, ధర కూడా అలాగే ఉంటుంది. లూర్ రింగులో గుచ్చే మనిషికి అది ఎందుకని ఊరుకున్నాను.

వచ్చిన వాటి పాదాలు చూస్తే మళ్ళీ అదే కథ: కొస మందంగా, అంచు పదునుగా. సన్న ఆకురాయితో పాదం కొసని పైనుంచి ఏటవాలుగా, కాగితమంత పలచనయ్యే దాకా అరగదీశాను. దారం నేల మీంచి గట్టెక్కినట్టు నెమ్మదిగా పాదం మీదికి ఎక్కాలి. మెట్టు ఉంటే అక్కడ దారం విడిపోయి, సందు మిగిలి, నీరు దూరుతుంది. అడుగు భాగాన్ని 600 నంబరు గరుకు కాగితంతో రుద్ది, దూది మీద గీసి చూశాను. ఒక్క పోగు కూడా పట్టకూడదు. అరగదీసిన చోట తెల్లగా మెరిసే లోహం దారంలోంచి కనబడకుండా నల్ల మార్కర్ పూశాను. ఒక్కో పాదానికి పది నిమిషాలు పడుతుంది, ఎవరికీ కనబడని పని. మొత్తం రిపేరులో నాకు ముఖ్యమైనది ఇదే.

చుట్టడం

గీత పడ్డ చోట నేరుగా లోహం కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు. అక్కడ ముందు బ్లాంక్ మీద ఒక వరస దారం పరుపులా చుట్టి, పలుచగా ఎపాక్సీ పూసి, ఒక రోజు ఆరబెట్టాను. దాని మీద గైడు. కాస్త లావుగా కనబడుతుంది, మిగతావాటితో పోలిస్తే తేడా తెలుస్తుంది. మాస్టారికి ముందే చెప్పాను.

స్టాండు గురించి అడుగుతారు. చెప్పుల పెట్టెకి రెండు పక్కలా వి ఆకారంలో కోస్తే స్టాండు. దారం ఉండ టీ గ్లాసులో, దారం మందపాటి పాత డిక్షనరీ పేజీల మధ్య నుంచి. పుస్తకం మీద బరువు పెంచితే టెన్షన్ పెరుగుతుంది. నాకు షాపులో వైండింగ్ మెషిన్ ఉన్నా దీనికి వాడను. టెన్షన్ మరీ ఎక్కువైతే దారమే బ్లాంక్‌ని పిసికేస్తుంది.

వాడింది 'A' సైజు నైలాన్ దారం, నలుపు. గైడుని రెండో పాదం మీద సన్న టేపు చుట్టతో నిలబెట్టి, మొదటి పాదం కొసకి మూడు మిల్లీమీటర్ల అవతల మొదలుపెట్టాను. దారం కొస మీదుగానే ఐదారు చుట్లు వేస్తే అది తనని తానే బిగించుకుంటుంది, ఆ కొస కోసేయాలి. తర్వాత రాడ్‌ని తిప్పుతూ పోవడమే. ముగింపుకి ఏడెనిమిది చుట్లు ఉందనగా విడిగా ఒక దారపు ఉచ్చు పెట్టి, దాని మీదుగా చుట్లు పూర్తిచేసి, కొసని ఉచ్చులో దూర్చి లాగితే చుట్ల కిందకి వెళ్ళిపోతుంది. ముడి ఎక్కడా ఉండదు. సందులున్న చోట పెన్ను క్యాపు వీపుతో రుద్దితే దారాలు దగ్గరపడతాయి.

రెండు గైడ్లూ కట్టాక, రాడ్ రెండు ముక్కలూ జోడించి, హ్యాండిల్ వైపు నుంచి ఒక కన్ను మూసి చూశాను. వడ్రంగి చెక్క వంకర చూసినట్టు. 20 గైడు కొద్దిగా కుడికి ఉంది. ఎపాక్సీ పడకముందు ఇంకా జరుగుతుంది కాబట్టి వేలితో నెట్టాను. తర్వాత అన్ని రింగుల్లోంచి లైన్ దూర్చి, కొసకి లీటరు నీళ్ళ సీసా వేలాడదీసి, రాడ్ వంచి పక్కనుంచి చూశాను. స్పిన్నింగ్ రాడ్‌కి గైడ్లు కిందివైపు ఉంటాయి కాబట్టి లైన్ బ్లాంక్‌కి తగిలే భయం లేదు, ఆ బాధ పైన గైడ్లుండే రాడ్లది. ఇక్కడ చూసేది, లైన్ ఒక గైడు దగ్గర మాత్రమే గట్టిగా మడత పడుతోందా, అన్నిచోట్లా కొంచెం కొంచెంగా తిరుగుతోందా అని. బాగానే తిరిగింది.

ఎపాక్సీ, నా తప్పు

రెండు సీసాల ఎపాక్సీ, సమపాళ్ళు. విడివిడి సిరంజీలతో మూడేసి మిల్లీలీటర్లు. తొందరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ వేస్తే జన్మంతా జిగటగానే ఉంటుంది. మూడు నిమిషాలు బుడగలు రాకుండా మెల్లగా కలిపి, అల్యూమినియం ఫాయిల్ మీద పోశాను. పలుచగా పరుచుకుంటే బుడగలు పోతాయి, చేతిలో టైమూ ఎక్కువ ఉంటుంది. బ్రష్‌తో పూసి, రాడ్‌ని తిప్పే మోటారుకి తగిలించాను. పాత మైక్రోవేవ్‌లో గాజు పళ్ళాన్ని తిప్పే చిన్న మోటారు అది, నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది. ఇది చదివి ఎవరూ ఇంట్లో మైక్రోవేవ్ విప్పకండి. తీగ పీకేసినా దాని కెపాసిటర్‌లో ప్రాణం తీసే కరెంటు మిగిలి ఉంటుంది. మోటారు ఒక్కటీ స్పేర్ పార్టుల షాపులో దొరుకుతుంది.

గంటన్నర తిరిగాక కరెంటు పోయింది. తిరగడం ఆగితే ఎపాక్సీ కిందికి జారి బొట్టులా వేలాడుతుంది. రెండు మూడు నిమిషాలకోసారి అర చుట్టు చేత్తో తిప్పుతూ కూర్చున్నాను. నలభై నిమిషాలకి వచ్చింది. అది గండం అనుకున్నాను. అసలు గండం పొద్దున్న కనబడింది.

20 గైడు మీద పూత అద్దంలా ఉంది. 12 గైడు మీద మాత్రం మశూచి మచ్చల్లా గుంటలు, ఎపాక్సీ అక్కడక్కడ పక్కకి తప్పుకుని దారం బయటపడింది. ముందు వానాకాలం తేమ అనుకున్నాను. తేమైతే పొర మసకబారుతుంది, ఇలా గుంటలు పడవు. పైగా రెండూ ఒకే గదిలో, ఒకే కలుపుతో పూసినవి. గుంటలు పడ్డాయంటే కింద నూనె లాంటిది ఉండాలి. నేను తలకి కొబ్బరినూనె రాసుకుంటాను, చెయ్యి తగిలిందా? మాస్టారికి ఫోన్ చేసి వేరే సంగతి అడిగాను.

"లైన్‌కి ఏమైనా స్ప్రే కొడతారా?"

"కొడతాను. నునుపుగా జారుతుందని. తెగుతోంది కదా అని ఈమధ్య రెట్టింపు కొడుతున్నా."

సిలికాన్ స్ప్రే. లైన్ పగిలిన రింగు దగ్గర రాసుకున్న ప్రతిసారీ దాన్ని చుట్టుపక్కల చిమ్మింది. నేను ఆల్కహాల్‌తో తుడిచింది ఒకే గుడ్డతో, ఒకే చోట, ముందుకీ వెనక్కీ. సిలికాన్ అలా పోదు, పరుచుకుంటుంది. మొదట గిన్నెల సబ్బుతో కడగాలి, తర్వాత ప్రతి తుడుపుకీ గుడ్డ మడత మార్చాలి. నాకు తెలిసిన విషయమే, ఆ రోజు చేయలేదు.

గైడు మళ్ళీ విప్పలేదు. రెండు రోజులు గట్టిపడనిచ్చి, 600 కాగితం తడిపి, దారానికి తగలకుండా పూత మెరుపు పోయేదాకా రుద్ది, సబ్బునీళ్ళు, ఆరబెట్టడం, నాలుగు గుడ్డలతో నాలుగు తుడుపులు, ఆ పైన రెండో పూత. గుంటలు నిండాయి. దగ్గరగా చూస్తే ఒకచోట నీడలా తెలుస్తుంది. ఆ ఒక్క పూతకి డబ్బు తీసుకోలేదు.

టిప్ ఐదు నిమిషాల పని. ముందువాళ్ళు ఇన్‌స్టంట్ గమ్‌తో అతికించారు. లైటర్ మంటని లోహపు గొట్టానికే చూపిస్తూ, బ్లాంక్‌కి తగలనివ్వకుండా, తిప్పి లాగితే ఊడింది. గమ్ గీకేసి, కర్రలా దొరికే హాట్ గ్లూ కరిగించి పెట్టి, మిగతా గైడ్ల వరసకి కన్నుపెట్టి తిప్పాను. రేపు మళ్ళీ తీయాల్సి వచ్చినా కొంచెం వేడికే వస్తుంది. టిప్‌ని ఎపాక్సీతో ఎప్పుడూ అతికించకూడదు.

లైన్‌లో నూగుగా ఉన్న నలభై ఐదు మీటర్లూ కోసి పారేసి, స్పూల్ అడుగున అంతే మోనో (ఒంటి పోగు నైలాన్ లైన్) వేసి ఎత్తు సరిచేశాను. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడటానికి వారం ఆగమని, ఆ తర్వాతే రాడ్ ఇచ్చాను. బిల్లు: రెండు గైడ్లు 640, పని 500.

నాలుగు నెలల తర్వాత

డిసెంబరు మొదట్లో మాస్టారు మళ్ళీ వచ్చారు. లైన్ ఒక్కసారి కూడా తెగలేదట. నేను ఫ్రేములన్నీ నొక్కి దూది తిప్పి చూశాను, ఎక్కడా ఆగలేదు. లైన్ మొదటి ముప్ఫై మీటర్లు వేళ్ళ మధ్య లాగాను, నునుపుగానే ఉంది. 20 గైడు దగ్గర మరక లేదు. 12 గైడు కట్టు అంచులో చిన్న పగులు లాంటిది కనబడి గుండె ఆగింది, గోరు పెడితే ఎండిన ఉప్పు, రాలిపోయింది. హ్యాండిల్ దగ్గరి కొక్కెం మీద రంగు గీరుకుపోయి ఉంది, అంటే వాడుతున్నారు.

వచ్చింది మాత్రం రీలు గరగరమంటోందని. రోలరు బేరింగులోకి ఇసుక పోయింది. అది విప్పుతుంటే పక్కన కూర్చుని టీ తాగుతూ అన్నారు:

"పనిలో పని, ఆ టిప్ కూడా ఒకసారి చూడు తమ్ముడూ. నాకెందుకో దాని మీద ఇంకా అనుమానమే."